పేలని పాయింట్ 32

కొత్త చెప్పు కరిచినట్టే కొత్త రివాల్వరూ కొన్నాళ్లు మొండికేస్తుంది. కాన్పూరు స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో తయారైన పాయింట్ 32 పెట్టె విప్పితే ముందు చేతికంటేది జిడ్డు, ఆ తరవాత తెలిసేది ట్రిగ్గర్ బిగువు. పాత ఇంగ్లీషు వెబ్లీ పోలిక దానిది. పైనున్న మీట నొక్కితే నడుము దగ్గర మడతపడి గొట్టం కిందికి వాలుతుంది, ఆరు గదుల సిలిండర్ ఎదురుగా తేలుతుంది. హ్యామర్‌ను బొటనవేలితో ముందే వెనక్కి లాగిపెడితే ట్రిగ్గర్ తేలిగ్గా కదులుతుంది. లాగకుండా నొక్కితే ఆ ఒక్క వేలే సిలిండర్ తిప్పాలి, హ్యామర్ లేపాలి, వదలాలి. అక్కడే కొత్తవాడి చెయ్యి వణికేది.

2014లో ఆడవాళ్లకని కాన్పూరులోనే ‘నిర్భీక్’ అనే రివాల్వరు చేశారు. బరువు అరకేజీ, ధర అప్పట్లోనే లక్షా ఇరవై వేలు దాటింది. తుపాకీ తేలికైతే పేల్చినప్పుడు చేతికి తన్ను ఎక్కువ తగులుతుందన్న సంగతి మాత్రం ప్రకటనల్లో అంతగా కనబడదు.

కొత్త రివాల్వరు ట్రిగ్గర్ బిగువు సడలాలంటే కాల్చాలి. అమెరికాలో కొన్నవాడు వారాంతానికి రేంజికెళ్లి డబ్బాలకొద్దీ తూటాలు ఖర్చుపెడతాడు. ఇక్కడ ఎన్ని తూటాలు కొనొచ్చో లైసెన్సు మీదే రాసి ఉంటుంది. పోనీ పెళ్లి ఊరేగింపులో రెండు పేలుద్దామంటే, 2019 సవరణ తరవాత దానికి రెండేళ్ల జైలు, లక్ష జరిమానా దాకా ఉన్నాయి. కొబ్బరితోటలో పేల్చినా ఊరంతా వినబడుతుంది, ముందు పోలీసు స్టేషనుకి వినబడుతుంది.

అందుకని కోనసీమలో రాజోలు వైపు ఆసామి తుపాకీకి దక్కేది ఇంట్లో ఉత్తుత్తి నొక్కుడే. ఒకటికి రెండుసార్లు సిలిండర్ గదులన్నీ చూసి, తూటాలు పక్కగదిలో పెట్టి, గోడకేసి గురిచూస్తాడు. “ఆయ్, లోడు లేదండీ” అంటూనే ఇంటావిణ్ణి మాత్రం అటు రానివ్వడు. అదే సరైన పద్ధతి.

కోనసీమలో తుపాకీకి అసలు శత్రువు దొంగ కాదు, గాలి. ఒకపక్క సముద్రం, మిగతా పక్కల గోదావరి పాయలు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఇనప తలుపుల గొళ్లేలే ఉప్పుగాలికి ఊడిపోతుంటే, బీరువాలోని తుపాకీ ఒక లెక్కా! తోలు ఒర అందంగానే ఉంటుంది గానీ తేమ పట్టి ఉంచుతుంది. అందులో నెలల తరబడి వదిలేస్తే సిలిండర్ అంచున ఎర్రటి చుక్కలు లేస్తాయి. వేలిముద్రల చెమట చాలు, వానాకాలంలో అదే పని చేస్తుంది. పలచగా నూనె రాసి, పొడిగుడ్డతో తుడిచి, ఒర బయట ఉంచడం మేలు. నూనె ఎక్కువైనా ప్రమాదమే, దుమ్ము పట్టి ముద్దవుతుంది.

లైసెన్సు తిరుగుడు కొంత తగ్గింది. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడేదాకా కలెక్టరు కోసం కాకినాడ వెళ్లేవారు, ఇప్పుడు అమలాపురం చాలు. తగ్గనిది ఎన్నికల తిరుగుడు. 2024లో మార్చి 16న షెడ్యూలు వచ్చింది, మే 13న ఓట్లు పడ్డాయి, జూన్ 4న లెక్కించారు. పోలీసులు అప్పగించమని అడిగినవాళ్ల ఆయుధాలు సరిగ్గా ఎండా ఉక్కా కలిసి కోనసీమను ఉడికించే ఆ నెలలన్నీ స్టేషన్లోనే. బ్యాంకు కాపలాదారులకీ, పోటీల్లో పాల్గొనే షూటర్లకీ మినహాయింపు ఉంది. తక్కినవాళ్లు తిరిగి తీసుకునేటప్పుడు రసీదు చూపి, నంబరు సరిచూసుకుని, గొట్టాన్ని వెలుతురుకేసి పట్టి లోపల తుప్పుందేమో చూసుకుని మరీ సంతకం పెట్టాలి.