గోడలోని నీరు

గత శ్రావణమున నొకరాత్రి మా వంటయింటి గోడలోని యినుపగొట్టము పగిలెను. తెల్లవారి లేచునప్పటికి నడిమిగదిలో చీలమండలోతు నీరు. పాతగొట్టము పైకి నున్నగనే యుండును, లోలోపల తుప్పు తినివేయును. నెలనాళ్లుగా గోడపై చెమ్మమరక కనబడుచున్నను సున్నము పూసి యూరకుంటిమి. ఆ తప్పు మాదే.

మావారు మొదట వీథియరుగుపైనున్న విద్యుత్తు మెయిను నిలిపి, పిదప మేడమీది తొట్టి వాల్వు కట్టిరి. సోదరీమణులారా, ఈ వరుస మరువకుడు. తడిగోడపై స్విచ్చి ముట్టరాదు.

చాపలు, బియ్యపుబస్తా పోయినందుకు మాకు చింతలేదు. అలమార క్రిందియరలో మా నాన్నగారి భారతముండెను. మాకు పాఠము చెప్పుచు వారు పుటల యంచులలో నీలిసిరాతో నర్థములు వ్రాసిన ప్రతి యది. ఎండ బెట్టుమని అత్తగారనిరి. ఎండకు కాగితము వంకరలు పోవును. కావున నీడపట్టున, పంకాగాలికి పుస్తకమును నిలిపి, పుటలనడుమ అద్దుడుకాగితము లుంచి, గంటగంటకు మార్చితిమి. రెండుదినములు గడచిన బూజు పట్టునను భయమున రాత్రియు నిద్రపోమైతిమి.

అచ్చుసిరా నూనెతో చేసినది, నీటికి చెదరదు. కలముసిరా యట్లు కాదు. పద్యములన్నియు నిలిచినవి, అంచులలో నీలిమరకలు మిగిలినవి. విరాటపర్వమున మూడుచోట్ల మాత్రము నాన్నగారి యక్షరములు గుర్తింపగలిగితిమి. తక్కిన యర్థములను జ్ఞాపకమున్నంత వరకు మేమే వ్రాయుచున్నాము, ఈమారు పెన్సిలుతో.

గోడ యింకను ఆరలేదు. ఆరినగాని సున్నము వేయింపము.