గీతలు పోగొట్టే మిషన్ కోసం ఆటోనగర్‌కి

విజయవాడ ఆటోనగర్‌లో దొరకని బండి సామాను ఉండదంటారు. 1960ల్లో ఊరి చివర పెట్టిన ఈ మెకానిక్కుల పేట ఇప్పుడు ఊళ్లో కలిసిపోయింది. ఒక వీధంతా లారీ బాడీలు కట్టేవాళ్లు, పక్క వీధిలో ఇంజన్ బోరింగులు, ఆ వెనక రేడియేటర్లు, సీటు కవర్లు, టింకరింగ్ షెడ్లు. నేను వెళ్లింది పెయింటింగ్ షెడ్డుకి. నా ముదురు నీలం కారు మీద ఎండలో సాలెగూడులా కనిపించే సన్నగీతలు పోగొట్టాలి. ప్రతిసారీ ఇంకొకరికి ఇచ్చే బదులు ఒక పాలిషింగ్ మిషన్ కొని ఇంట్లోనే చేసుకుందామని ఆలోచన. ఆన్‌లైన్‌లో చూస్తే వందరకాలున్నాయి. ఒకటి పన్నెండు వందల వాట్లంటుంది, ఇంకొకటి పదిహేను మిల్లీమీటర్ల త్రో అంటుంది. ఏది దేనికో చెప్పేవాళ్లు కావాలి.

షెడ్డు మేస్త్రి చిన్నప్పుడు అంబాసిడర్లకు చేత్తో రబ్బింగ్ కొట్టి పని నేర్చుకున్నాడు. ఆ కార్లకు పైన క్లియర్ అనే పారదర్శక పూత ఉండేది కాదు, రుద్దితే కారు రంగే గుడ్డకి అంటుకునేది. ఇప్పుడు రంగు మీద క్లియర్ ఉంటుంది, మనకు కనిపించే గీతలన్నీ ఆ క్లియర్‌లోనే. బానెట్ మీద టార్చి వేసి చూపించాడు. వెలుగు చుట్టూ గుండ్రంగా వందల గీతలు.

"ఇవి రోడ్డు మీద పడ్డవి కాదు సార్. పొద్దున్నే దుమ్ము మీద పొడిగుడ్డ వేసి తుడుస్తారు చూడండి, అక్కడ పడ్డవి."

ఆ తర్వాత గీతకు అడ్డంగా గోరు ఆడించమన్నాడు. గోరు జారిపోతే పాలిష్‌తో పోతుంది. గోరు తట్టుకుంటే పూర్తిగా పోదు, దాన్ని పోగొట్టేదాకా అరగదీయడం మంచిదీ కాదు. డ్రైవర్ తలుపు హ్యాండిల్ కింద ఉన్న ఒక గీత గోరుకి తగిలింది. "దీన్ని వదిలేయండి" అన్నాడు.

మిషన్ గురించి అడిగితే, ముందు అరచేతిలో పట్టే ఒక మీటరు తీశాడు. పెయింటు మందం కొలిచేది. టాపు మీద పెడితే 112 మైక్రాన్లు, బానెట్ మీద 108, ఎడమ వెనక తలుపు మీద 240 పైన చూపించింది. "ఈ తలుపుకి ఎప్పుడో లప్పం పెట్టి రంగు వేశారు" అన్నాడు. నిజమే, ఒకసారి సొట్ట తీయించాం. కంపెనీ పెయింటు అన్ని పొరలూ కలిపి సాధారణంగా వంద నుంచి నూటయాభై మైక్రాన్లుంటుంది. అందులో పైన క్లియర్ వాటా ముప్పై అయిదు నుంచి యాభై. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రంగును కాచేది ఆ పొరే. పాలిష్ అంటే గీత అడుగుదాకా చుట్టుపక్కల క్లియర్‌ను అరగదీసి సమం చేయడం. మామూలు పాలిష్‌కి ఒకటి రెండు మైక్రాన్లు పోతాయి, గట్టి కట్టింగ్ కొడితే ఇంకా ఎక్కువ. పోయింది తిరిగి రాదు. పాత కార్ల టాపు తెల్లగా పొరలు లేచి కనిపిస్తుందే, క్లియర్ దెబ్బతిన్న తర్వాతి కథ అది.

షెడ్డులో గోడకి వేలాడుతున్నది రోటరీ, అంటే అందరూ బఫింగ్ మిషన్ అనేది. ప్యాడ్ ఒకే ఇరుసు మీద గుండ్రంగా తిరుగుతుంది, నిమిషానికి ఆరువందల నుంచి మూడువేల చుట్ల దాకా. ఎంత నొక్కినా ఆగదు. పక్కన కొత్తగా రంగు వేసిన ఫెండర్‌ మీద అది ఎలా పనిచేస్తుందో చూశాను. గన్‌తో కొట్టిన క్లియర్ మీద దుమ్ము నలుసులు, నారింజ తొక్కలాంటి గరుకు ఉంటాయి. వాటిని 2000 నంబరు వాటర్ పేపర్‌తో సాపు చేస్తే పైభాగమంతా పాలిపోయి కనిపిస్తుంది. కుర్రాడు కాంపౌండ్ అనే అరగదీసే పేస్టు పూసి ఊలు ప్యాడ్ ఆనించి రెండు నిమిషాలు తిప్పేసరికి ఆ పాలిపోయిన చోట ట్యూబ్‌లైటు ప్రతిబింబం కనిపించింది. ఈ పనికి రోటరీయే కావాలి. దీని కోసమే పెయింటర్లందరి దగ్గరా అది ఉంటుంది.

మన పని అది కాదు. మనకున్నది కొత్తగా కొట్టిన మందపాటి క్లియర్ కాదు, ఆరేళ్లు ఎండలో నిలబడ్డ పలచటి పొర. రోటరీ ఒకేచోట నాలుగు క్షణాలు నిలిస్తే వేడి పుడుతుంది. తలుపు అంచు మీదో, బానెట్ మడత గీత మీదో నిలిస్తే క్లియర్ తినేసి రంగు బయటపడుతుంది. బంపర్లు ప్లాస్టిక్‌వి కాబట్టి వేడి బయటికి పోదు, అక్కడ ఇంకా ప్రమాదం. చెయ్యి తిరిగినవాడు కొట్టినా ఒక్కోసారి ఎండలో అలలు అలలుగా చారలు మిగులుతాయి. షాపులో మెరిసిపోయిన కారు రెండు వాషింగులయ్యాక మళ్లీ చారలతో కనిపించడానికి కారణం కాంపౌండ్‌లోని నూనె, పైన పూసిన వ్యాక్స్. అవి గీతల్ని నింపి దాస్తాయి. అందుకే పాలిష్ అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్లతో తుడిచి చూడాలి. అప్పుడు మిగిలిందే అసలు పని.

రెండో మిషన్ పెట్టెలోంచి తీశాడు. డ్యుయల్ యాక్షన్, వాడుకలో డీఏ. ఇందులో ప్యాడ్ తన చుట్టూ తాను తిరుగుతూనే, ఇరుసుకి కాస్త పక్కగా ఊగుతూ చిన్న చుట్లు కూడా కొడుతుంది. ఆ ఊపు వెడల్పునే త్రో అంటారు. ప్యాడ్ అతికించే బ్యాకింగ్ ప్లేటు అంచు మీద నల్ల మార్కర్‌తో ఒక గీత పెట్టి, మిషన్‌ను బానెట్ మీద ఆనించి ఆన్ చేశాడు. నల్లగీత నెమ్మదిగా చుట్టూ తిరుగుతూ కనిపించింది. కాస్త నొక్కాడు, నెమ్మదించింది. మడత గీత మీదికి పక్కకి వంచి గట్టిగా నొక్కాడు, గీత అక్కడే ఆగిపోయింది. మోటారు మోత వస్తూనే ఉంది, ప్యాడ్ మాత్రం వణుకుతోందే గాని తిరగడం లేదు, కోత దాదాపు లేనట్టే.

"చూశారా, తప్పుగా పట్టుకుంటే ఇది పని మానేస్తుంది. అది" అని గోడమీది రోటరీని చూపించి, "రంగు తినేస్తుంది. మిషన్ బలం చూసి కొనకండి సార్, మన తప్పుని ఎంత ఓర్చుకుంటుందో చూసి కొనండి."

డీఏలోనే ఇంకో రకం ఉంది. గేర్లతో బలవంతంగా తిరిగేది, నొక్కినా ఆగదు. జర్మనీ ఫ్లెక్స్ కంపెనీ ఎనిమిది మిల్లీమీటర్ల త్రోతో చేసే మిషన్ అలాంటిదే. కోత బాగుంటుంది, చేతికి ఊపు ఎక్కువ. కొత్తవాళ్లకి స్వేచ్ఛగా తిరిగే రకమే నయం. త్రో విషయానికొస్తే, ఇటలీ రూపెస్ కంపెనీ పదిహేను, ఇరవై ఒకటి మిల్లీమీటర్ల సైజుల్ని బాగా వాడుకలోకి తెచ్చింది. ఇరవై ఒకటి పెద్ద ఎస్‌యూవీల బానెట్లకీ టాపులకీ త్వరగా పనిచేస్తుంది గాని వంపుల మీద తరచూ ఆగిపోతుంది. మన చిన్న కార్లకు వంపులే ఎక్కువ. పదిహేను మిల్లీమీటర్ల త్రో, అయిదంగుళాల ప్లేటు అయితే అన్నిటికీ సరిపోతుంది.

అక్కణ్ణుంచి టూల్స్ అమ్మే వీధికి వెళ్లాను. పాలిషింగ్ మిషన్ అడిగితే ఒక కొట్టులో నాలుగంగుళాల గ్రైండర్‌కి స్పాంజి ప్యాడ్ తగిలించి చూపించారు. ఇనుము కోసే ఆ గ్రైండర్ నిమిషానికి పదకొండు వేల చుట్ల దాకా తిరుగుతుంది. దాన్ని కారు పెయింటు మీద పెట్టకూడదు. కొట్టులో చూడాల్సినవి నాలుగే. వేగం తగ్గించి పెంచే డయల్ ఉందా, లోడు పడ్డా వేగం నిలుస్తుందా, కార్బన్ బ్రష్షులు, ప్లేట్లు విడిగా దొరుకుతాయా, తలమీదుగా కాసేపు పట్టుకుంటే చెయ్యి లాగుతోందా. డీఏకి వాట్లు తక్కువగా రాసి ఉంటే కంగారు పడక్కర్లేదు, అయిదారు వందల వాట్ల మిషన్లతోనే నిపుణులు పనిచేస్తున్నారు.

మిగిలే డబ్బు ప్యాడ్లకి పెట్టండి. కారుకి కనీసం అయిదారు స్పాంజి ప్యాడ్లు కావాలి. కాంపౌండ్‌తో గట్టిపడిన ప్యాడ్ కొత్త గీతలు వేస్తుంది. ముందు కారు కడిగి, క్లే బార్ రుద్ది, అంచులకి మాస్కింగ్ టేపు వేయాలి. రేకు చల్లగా ఉండాలి, మన ఎండల్లో అంటే నీడలో, పొద్దున్నే. అడుగున్నర చదరంలో మెత్తటి ప్యాడ్‌తో, సన్న పాలిష్‌తో మొదలుపెట్టి చూడాలి. అది చాలకపోతేనే గట్టి ప్యాడ్.

నా తీర్పు ఇది. ఇంట్లో ఒకటి రెండు కార్లున్నవాళ్లు పదిహేను మిల్లీమీటర్ల, స్వేచ్ఛగా తిరిగే డీఏ కొనుక్కోవచ్చు. రోటరీ పెయింటర్‌కి వదిలేయండి. రెండేళ్లకొకసారి కంటే ఎక్కువ వాడాల్సి వస్తోందంటే లోపం మిషన్‌లో కాదు, కారు తుడిచే తీరులో ఉంది. కారు తుడిచే అబ్బాయికి ఒక బకెట్ నీళ్లు, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ ఇచ్చి, దుమ్ము మీద నీళ్లు పోయకుండా గుడ్డ వేయొద్దని చెప్పండి.