తిథి తెలియని ఫైలు

బెంగళూరులోని ఆ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు జీవితమంతా ఒకే ఒక టెక్స్ట్ ఫైలులో ఉంటుంది. రంగురంగుల క్యాలెండర్లు, గంటకోసారి మోగే యాప్‌లు ఆయనకు గిట్టవు. ఆయన వాడేది ఆర్గ్ మోడ్. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయ ఖగోళ శాస్త్రజ్ఞుడు కార్‌స్టెన్ డొమినిక్ 2003లో ఈమాక్స్ ఎడిటర్ కోసం మొదలుపెట్టిన ఉచిత సాధనమది. మామూలు అక్షరాల్లో పని రాసి పక్కన తేదీ వేస్తే చాలు, ఏ రోజుకు ఏముందో ఏరి అజెండాగా చూపిస్తుంది.

కిటుకంతా ఆ తేదీ వేయడంలోనే ఉంది. ఉత్త తేదీ వేస్తే అది సంఘటన. ఆ రోజు కనిపించి, మర్నాడు మాయమవుతుంది. 'షెడ్యూల్డ్' అని వేస్తే, పని మొదలుపెట్టాల్సిన రోజని అర్థం. పూర్తయ్యేదాకా అప్పులవాడిలా రోజూ గుమ్మంలో నిలబడుతుంది. 'డెడ్‌లైన్' అయితే, మార్చుకోకపోతే 14 రోజుల ముందునుంచే హెచ్చరిస్తుంది.

ఆయన ఈ తేడా పట్టించుకోలేదు. అన్నిటికీ షెడ్యూల్డ్ అనే వేసేవాడు. ఎప్పుడో జరిగిపోయిన స్నేహితుడి పెళ్లి కూడా బాకీ పనిలా రోజూ పలకరిస్తుంటే విసుక్కునేవాడు. మనం వెళ్లినా వెళ్లకపోయినా పెళ్లి ఆ ముహూర్తానికే అయిపోతుంది. దాన్ని రేపటికి వాయిదా వేయలేం.

తండ్రి 2020 కార్తీకంలో పోయారు. మరుసటి ఏడాది సంవత్సరీకం జరిగిన ఇంగ్లీషు తేదీనే ఆయన ఫైలులో షెడ్యూల్డ్‌గా రాసి, ఏటా తిరిగి వచ్చేలా చిన్న గుర్తు తగిలించాడు. ఇక మరిచిపోయే ప్రశ్నే లేదనుకున్నాడు.

2022లో ఒక సాయంత్రం రాజమండ్రి నుంచి తల్లి ఫోన్. "రేపేరా మీ నాన్నగారి ఆబ్దికం. ఎక్కడిదాకా వచ్చావు?"

అజెండాలో ఆ వారమంతా ఖాళీ. ఆయన తేదీకి ఇంకా పదకొండు రోజులుంది.

లెక్కలో తప్పు లేదు. చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులే. తిథి ఏటా పది పదకొండు రోజులు ముందుకొస్తుంది. అధిక మాసం పడిన ఏడాది ఒక్కసారిగా వెనక్కి పోతుంది. 2023లో అధిక శ్రావణం రావడంతో కార్తీక తిథులు దాదాపు 19 రోజులు ఆలస్యమయ్యాయి. ఏడాదికోసారి అని రాసిన గుర్తుకు ఇదంతా ఎలా తెలుస్తుంది?

రాత్రి బస్సు పట్టుకుని చేరేసరికి మధ్యాహ్నం దాటింది. భోక్తలు వెళ్లిపోయారు. అన్నయ్య తడి పంచెతో అరుగు మీద కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. తల్లి విస్తరి వేసి వడ్డించింది. ఆ మౌనమే ఆయనకు మింగుడు పడలేదు.

ఇప్పుడు ప్రతి ఉగాదికి కొత్త పంచాంగం ముందు పెట్టుకుని కూర్చుంటాడు. ఆబ్దికం తేదీని ఉత్త తేదీగా, ఆ ఒక్క ఏడాదికే రాస్తాడు. దాని కిందే రైలు టికెట్టుకు విడిగా డెడ్‌లైన్ పెడతాడు. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటోంది కనుక ఆ లెక్క కూడా వేసుకుంటాడు. తిథి సంఘటన, ప్రయాణం పని. రెండూ ఒకటి కావని తెలియడానికి ఆయనకు ఒక తద్దినం ఖర్చయింది.

అయినా వారం ముందు రాజమండ్రి నుంచి ఫోన్ వస్తూనే ఉంది. దానికి మాత్రం ఆయన ఏ తేదీ వేసుకోలేదు.