డిక్కీలో దీపం

మావారి ముప్పై ఏళ్ల రెండు సీట్ల స్పోర్ట్స్ కారు నాకు సవతి లాంటిది. వారం కదపకపోతే బ్యాటరీ పడుకుంటుంది. కొత్తవి రెండు మార్చినా అంతే. విసిగిపోయి "అమ్మేస్తా" అన్నారు.

ఆ మాట విని మా అబ్బాయి మల్టీమీటరుతో దిగాడు. ఇంజనీరింగ్ మానేస్తానన్న రోజు నుంచి, రెండు నెలలుగా, తండ్రీకొడుకులకు మాటల్లేవు. మధ్యలో రాయబారం నాది.

చార్జింగ్ పెట్టి చూస్తే బ్యాటరీ 12.6 వోల్టులు, ఇంజను నడుస్తుంటే 14. రెండూ సరిగ్గానే ఉన్నాయి. అంటే తాళం తీశాక ఏదో కరెంటు తాగేస్తోంది. నెగెటివ్ వైరు విప్పి మధ్యలో మీటరు కలిపాడు. 50 మిల్లీఆంపులు దాటకూడదట, 430 ఉంది!

"అమ్మా, ఒక్కో ఫ్యూజూ పీకమను నాన్నని."

చెప్పాను. నాలుగో ఫ్యూజు దగ్గర ఆయనే "ఇదా?" అన్నారు. "కాదు నాన్నా, పెట్టెయ్." ఇక నాతో పనిలేదు.

తొమ్మిదోది తీయగానే 30కి పడిపోయింది. అది లోపలి దీపాలది. నేను డిక్కీ తెరిచి బల్బు ముట్టుకున్నాను. ఆరిపోయింది కానీ, పెనంలా కాలుతోంది. స్విచ్చి ఇరుక్కుపోయి, మూత వేసినా రాత్రింబవళ్లు వెలుగుతోందన్నమాట.

స్విచ్చి శుభ్రం చేస్తే సరిపోయింది. చదువు సంగతి మాత్రం ఇంకా తేలలేదు. కానీ ఇప్పుడు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునే వాదించుకుంటున్నారు. నేను హాయిగా కూర కలుపుకుంటున్నాను.