తరుగని లక్కబిళ్ల

నేను ఏటేట తరగతిలో చూపు ప్రయోగములలో నాకు మిక్కిలి ప్రియమైనది ఎలెక్ట్రోఫోరసు. స్వీడను దేశస్థుడగు విల్కె 1762లో ఇట్టిదానిని చేసెను. 1775లో ఇటలీవాడగు వోల్టా దీనికి ప్రసిద్ధి దెచ్చెను.

లక్కబిళ్లను ఉన్నిగుడ్డతో రుద్దినచో నది ఋణవిద్యుత్తును బొందును. (శ్రావణమాసపు తేమలో ఈ పని సాగదు, బిళ్లను ముందుగా ఎండబెట్టవలెను.) దానిపై గాజుపిడి గల లోహపు పళ్లెము నుంచుదము. లక్క వాహకము కాదు గనుక దాని విద్యుత్తు పళ్లెములోనికి బ్రవహింపదు. పళ్లెములోని ఎలెక్ట్రానులను మాత్రము పైముఖమునకు దరుమును. అడుగుముఖము ధనము, పైముఖము ఋణము. దీనినే ప్రేరణ మందురు. ఇప్పుడు వ్రేలితో ముట్టినచో ఆ ఎలెక్ట్రానులు మన దేహముగుండ భూమిని జేరును. వ్రేలు తీసిన పిమ్మటనే పళ్లెము నెత్తవలెను; ఈ వరుస తప్పినచో పళ్లెమున నేమియు మిగులదు.

ఒకనా డొక బాలుడు, "అయ్యా, ఇన్నిమారులు రవ్వలు తీసినను లక్క తరుగదేమి?" అని యడిగెను. తరగతి నవ్వెను, నాకు నవ్వు రాలేదు. పుస్తకము వల్లించువారికి ఈ సందేహమే కలుగదు. రవ్వకు వెల యిచ్చునది లక్క కాదు, ఎత్తు చేయి. ధనఋణముల యాకర్షణమున కెదురుగా నెత్తుటలో చేయి అదనముగా బడు శ్రమయే రవ్వ యగుచున్నది. బాలుడు మరల నెత్తిచూచి, "శ్రమ యేమియు తెలియలేదండి" అనెను. నిజమే, అది పళ్లెపు బరువులో కలిసిపోవునంత స్వల్పము.