కొసరుకీ ఖరీదే!

కూరగాయల బండి దగ్గర కిలో వంకాయలు తూచాక, గుప్పెడు కొత్తిమీరో నాలుగు పచ్చిమిరపకాయలో సంచిలో పడితే తప్ప మనవాళ్లకు బేరం పూర్తయినట్టు ఉండదు. దాన్నే కొసరు అంటాం. అడిగితే వేసేదీ, ఒక్కోసారి అడక్కపోయినా వేసేదీ. డబ్బులు మాత్రం తీసుకోనిది. అలాంటి కొసరుకు వేరే ధర చీటీ అంటించి, ‘వంకాయలు కొన్నారుగా, ఇంకో ఐదొందలిస్తే కొత్తిమీర కూడా’ అంటే ఎలా ఉంటుంది? వీడియోగేముల్లో, అందులోనూ ఇద్దరు యోధులు ఎదురెదురుగా నిలబడి కొట్టుకునే ఫైటింగ్ గేముల్లో ఏళ్ల తరబడి జరుగుతున్నది అదే. అక్కడ కొసరు ఎవరో కాదు, అతిథి!

అతిథి పాత్ర అంటే ఏమిటో సినిమాలు చూసే మనకు ఒకరు చెప్పాలా! 2009లో వచ్చిన ‘మగధీర’లో చిరంజీవి ఒక్క పాటలో కనిపించి వెళ్లారు. హాల్లో ఈలలే ఈలలు. అలాగని ఆ కాసేపటి కోసం గేటు దగ్గర ఇంకో టిక్కెట్టు కొనమని ఎవరూ అనలేదు. ఒక ఆటలోని పాత్రో, సినిమాలోని పాత్రో ఇంకో ఆటలోకి వచ్చి నాలుగు దెబ్బలు కొట్టడమే ఫైటింగ్ గేముల్లో అతిథి పాత్ర. మొదట్లో వాళ్లూ అలా ఉచితంగానే వచ్చారు.

దాక్కున్నవాళ్లు దొరికితే...

2000 ప్రాంతంలో తెలుగు పట్టణాల్లో పెరిగిన కుర్రాళ్లలో చాలామందికి ‘టెక్కెన్ 3’ను పరిచయం చేయనక్కర్లేదు. జపాన్ కంపెనీ నామ్‌కో 1997లో ఆర్కేడ్ యంత్రాలకూ, 1998లో ప్లేస్టేషన్‌కూ విడుదల చేసిన ఆట అది. బడి వదలగానే పుస్తకాల సంచితోనే వీడియోగేమ్ పార్లర్‌కు పరుగు. రెండు టీవీల ముందు పది మంది. ఓడినవాడు లేవాలి, తర్వాతివాడు కూర్చోవాలి. కొత్తగా వచ్చినవాడు కళ్లు మూసుకుని ఎంచుకునేది ఎడ్డీ గోర్డోనే. బ్రెజిల్‌వాళ్ల కపొయిరా విద్యతో, నాట్యం చేస్తున్నట్టే కాళ్లు తిప్పుతూ తన్నే యోధుడు. రెండు బటన్లు టకటకా నొక్కితే చాలు, ఆట బాగా వచ్చినవాడు కూడా కంగారుపడేవాడు!

ప్లేస్టేషన్‌లో ఆ డిస్కు వేయగానే తెరమీద కనిపించేది పది మంది యోధులే. ఒక్కొక్కరితో చివరిదాకా గెలుచుకుంటూ పోతే దాక్కున్నవాళ్లు ఒక్కొక్కరే బయటికొచ్చేవారు. అందరూ తేలేసరికి లెక్క ఇరవై దాటేది. వాళ్లలో ఓ బుల్లి డైనోసార్ ఉంది. పేరు గోన్. మసాషి తనకా గీసిన, మాటలే లేని జపాన్ బొమ్మల కథల్లోంచి వచ్చింది. బంతితో ఆడే ‘టెక్కెన్ బాల్’లో దాన్ని ఓడిస్తే మన జట్టులోకి వచ్చేది. ఎంత పొట్టిదంటే ఎత్తులో వేసిన గుద్దులు దాని తలమీద నుంచే పోయేవి. దాన్ని బయటికి తెచ్చిన కుర్రాడు ఆ వీధిలో వారం రోజులు హీరో. అతను చెల్లించింది డబ్బు కాదు, సాధన.

ముగ్గురు అతిథులు, మూడు ఇళ్లు

అదే నామ్‌కో 2002లో ఆర్కేడ్‌కూ, 2003లో ఇళ్లలో ఆడుకునే యంత్రాలకూ ‘సోల్‌కాలిబర్ 2’ తెచ్చింది. కత్తులతో పోరాడే ఆట. అప్పుడు బజార్లో మూడు కంపెనీల యంత్రాలు పోటీపడుతున్నాయి. ఒక్కో యంత్రానికి ఒక్కో అతిథి. నింటెండో గేమ్‌క్యూబ్‌లో ‘జెల్డా’ ఆటల వీరుడు లింక్. ఎక్స్‌బాక్స్‌లో అమెరికా కామిక్స్ నుంచి వచ్చిన స్పాన్. ప్లేస్టేషన్ 2లో టెక్కెన్ ముసలాయన హెయిహాచీ. లింక్ కావాలంటే గేమ్‌క్యూబ్ కొనాల్సిందే! కాబట్టి అతిథిని ఎరగా వాడటం అప్పటికే మొదలైంది. అయితే డిస్కు కొన్నాక అతని పేరు చెప్పి మళ్లీ జేబులో చెయ్యి పెట్టలేదు.

ఆ ముచ్చట ఎక్కువ కాలం సాగలేదు. యంత్రాలకు ఇంటర్నెట్ తోడయ్యాక, ఆట అమ్మేసిన తర్వాత కూడా దుకాణం తెరిచి ఉంచే వీలు కలిగింది. దాన్నే డీఎల్‌సీ అన్నారు. ఆట కొన్నాక విడిగా దించుకునే సరుకన్నమాట. 2008లో ‘సోల్‌కాలిబర్ 4’ వచ్చింది. ప్లేస్టేషన్ 3కి ‘స్టార్ వార్స్’ విలన్ డార్త్ వేడర్, ఎక్స్‌బాక్స్ 360కి గురువు యోడా. కొన్నాళ్లకు ఇటువాణ్ని అటూ, అటువాణ్ని ఇటూ డబ్బులకు అమ్మారు.

డిస్కులో ఉన్నా తాళమే

2012లో కాప్‌కామ్ కంపెనీ ‘స్ట్రీట్ ఫైటర్ ఎక్స్ టెక్కెన్’తో వివాదం భగ్గుమంది. తర్వాత అమ్ముతామన్న 12 మంది యోధులు అప్పటికే డిస్కులో ఉన్నారని తేలింది. అంటే డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకున్న డిస్కులోనే గదికి తాళం వేసి ఉంచారు. తాళంచెవి కావాలంటే మళ్లీ డబ్బు! ఆటగాళ్లు దుమ్మెత్తిపోశారు. ఇలాంటి పద్ధతిని పునరాలోచిస్తామని కంపెనీ చెప్పాల్సి వచ్చింది.

పద్ధతి మారింది కానీ బేరం ఆగలేదు. 1992 నుంచి వస్తున్న ‘మోర్టల్ కాంబాట్’నే చూడండి. 2011 ఆటలో భయానక చిత్రాల ఫ్రెడ్డీ క్రూగర్, 2015 ఆటలో ప్రిడేటర్, ఏలియన్, 2019 ఆటలో టెర్మినేటర్, రోబోకాప్, రాంబో... హాలీవుడ్ అంతా డబ్బులిచ్చి దించుకోవాల్సిన సరుకుల జాబితాలోకి వచ్చేసింది. పిల్లలున్న ఇళ్లవాళ్లు ఇక్కడ ఇంకో సంగతీ గుర్తుంచుకోవాలి. అమెరికాలో ఈ ఆటలు 17 ఏళ్లు దాటినవాళ్లకే. ‘బొమ్మల ఆటేగా’ అనుకోవడానికి లేదు.

అసలు కన్నా కొసరు ఎక్కువన్న సామెత నిజమయ్యేలా ఉంది. నింటెండో ‘సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్’ 2018లో వచ్చింది. అమెరికాలో ఆట ధర 59.99 డాలర్లు. ఆ తర్వాత అమ్మిన రెండు పాసుల్లో కలిపి 11 మంది యోధులు. పాసుల ధరలు 24.99, 29.99 డాలర్లు. కలిపితే దాదాపు 55! మరో ఆట కొన్నంత ఖర్చు.

కంపెనీల మాటా వినాలిగా

అలాగని అంతా దోపిడీ అని కొట్టిపారేస్తే అన్యాయమే. పాత రోజులు మరీ అంత బంగారమేం కాదు. 1991లో ‘స్ట్రీట్ ఫైటర్ 2’ వచ్చాక 1994 నాటికే మార్పులు చేర్పులతో దాని కొత్త రూపాలు నాలుగు వచ్చాయి. కొత్త యోధులు కావాలంటే ఆట మొత్తాన్నీ మళ్లీ కొనాల్సిందే. ఇప్పుడు కావలసిన ఒక్కణ్నే కొనుక్కోవచ్చు, వద్దంటే మానేయొచ్చు.

కొత్త యోధుణ్ని తయారుచేయడమూ తేలిక కాదు. ప్రతి అడుగూ, ప్రతి గుద్దూ కొత్తగా కదిలించాలి. 32 మంది ఉన్న ఆటలోకి ఒకడు వస్తే 32 కొత్త పోటీలు పుట్టినట్టే. ప్రతిదాంట్లోనూ అతని బలం మరీ ఎక్కువా కాకుండా, తక్కువా కాకుండా తూకం చూడాలి. అతిథి అయితే అసలు యజమాని అనుమతి కావాలి. నటుడి గొంతూ కావాలంటే ఆ ఖర్చు అదనం. రాంబోకు గొంతిచ్చింది సాక్షాత్తూ సిల్వెస్టర్ స్టాలోనే! పైగా ఒకసారి అమ్మేసిన ఆట ఏళ్ల తరబడి కొత్తగా ఉండాలని ఆటగాళ్లే కోరుకుంటున్నారు. ఆ జీతాలు ఎక్కణ్నుంచో రావాలి కదా.

కొన్నదా, అద్దెదా?

అసలు చిక్కు ధరలో కన్నా ఇంకోచోట ఉంది. అతిథి ఎప్పటికైనా పరాయి ఇంటివాడే. 2013 చివర్లో మార్వెల్‌తో ఒప్పందం ముగియడంతో ‘మార్వెల్ వర్సెస్ కాప్‌కామ్’ ఆటలు ఆన్‌లైన్ దుకాణాల్లోంచి మాయమయ్యాయి. మళ్లీ కొన్నేళ్లకు గానీ తిరిగి రాలేదు. ‘సోల్‌కాలిబర్ 2’ను 2013లో కొత్త మెరుగులతో విడుదల చేస్తే అందులో స్పాన్, హెయిహాచీ ఉన్నారు, లింక్ లేడు. 2023 మార్చిలో నింటెండో తన పాత యంత్రాల ఆన్‌లైన్ దుకాణం మూసేసింది. అప్పటిదాకా కొననివాళ్లకు ఆ యంత్రాల ‘స్మాష్ బ్రదర్స్’లోని క్లౌడ్, బయోనెట్టా వంటి అతిథులు ఇక దొరకరు.

డిస్కు అయితే పక్కింటి కుర్రాడికి అరువిచ్చేవాళ్లు, విసుగొస్తే సగం ధరకు అమ్మేవాళ్లు. దించుకున్న యోధుణ్ని అరువివ్వలేం, అమ్మలేం. మన ఖాతాకు అతుక్కుని ఉంటాడంతే. కొనుగోలుదారుడికి దక్కేది సొంత హక్కు కాదనీ, వాడుకునే అనుమతి మాత్రమేననీ అమ్మకం దగ్గరే స్పష్టంగా చెప్పాలంటూ అమెరికాలోని కాలిఫోర్నియా చేసిన చట్టం 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది.

ఎడ్డీ తిరిగొచ్చాడు

2024 జనవరిలో ‘టెక్కెన్ 8’ 32 మంది యోధులతో వచ్చింది. అందులో ఎడ్డీ లేడు. ఏప్రిల్‌లో వచ్చాడు, వేరే ఖరీదుతో. కొన్ని నెలలకు హెయిహాచీ వచ్చాడు, అతనిదీ అంతే. ఇరవై ఏళ్ల కిందట పొరుగు ఆటలోకి చుట్టపుచూపుగా వెళ్లినప్పుడు పైసా అడగని పెద్దమనిషి, 1994 నుంచీ ఉన్న సొంతింటికి తిరిగి రావడానికి మాత్రం చార్జీ పుచ్చుకున్నాడు. అతిథులకే అనుకున్న ధర చీటీ ఇంటివాళ్లకూ అంటిందన్నమాట!

ఇలాంటి సమయంలో ఇంట్లో జరిగే సంభాషణ ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. పార్లర్‌లో ఎడ్డీతో ఆడిన కుర్రాడే ఇప్పుడు తండ్రి. ‘నాన్నా, క్లాసులో అందరి దగ్గరా ఉన్నాడు, కొనవా’ అని కొడుకు. పిల్లాడిది ఒట్టి మారాం కాదు. ఆన్‌లైన్లో ఎదుటివాడు కొన్న యోధుడితో వచ్చి చితక్కొడతాడు. ఆ యోధుడి ఎత్తులు ఇంట్లో నేర్చుకుందామంటే మన దగ్గర అతను ఉండడు. ‘ఇంత పెట్టి ఆట కొన్నాంగా, మళ్లీ ఎందుకు’ అన్న తండ్రి ప్రశ్నా న్యాయమే. ఫోనుకు బ్యాంకు ఖాతా తగిలించి పాస్‌వర్డ్ పిల్లాడి చేతికిస్తే ఈ ప్రశ్న వేసే అవకాశం కూడా ఉండదు.

అలాంటి ఓ తండ్రి వద్దనలేదు, వెంటనే సరేననీ అనలేదు. ఉన్న 32 మందిలో ఒక్కణ్నయినా పూర్తిగా నేర్చుకొమ్మన్నాడు. సగం డబ్బు సంక్రాంతికి తాతయ్య ఇచ్చిన దాంట్లోంచి వేసుకొమ్మన్నాడు. నెలన్నర గడిచింది. ఈలోగా కొడుకు ఇంకో ముగ్గురిని అడిగాడు, ఇద్దరిని తనే వద్దనుకున్నాడు. చివరికి ఎడ్డీని కొన్న సాయంత్రం తండ్రి ఉత్సాహంగా జాయ్‌స్టిక్ లాక్కుని, పాత రోజుల్లోలాగే ఆ రెండు బటన్లూ టకటకా నొక్కడం మొదలుపెట్టాడు. ఎడ్డీ గిరగిరా తిరిగాడు. కొడుకు తాను నేర్చుకున్న యోధుడితో తొణక్కుండా ఒక్కో తన్నూ కాచుకుని, సందు దొరకగానే కొట్టాడు. వరసగా మూడు ఆటలూ తండ్రే ఓడిపోయాడు. ‘లే నాన్నా, ఓడినవాడు లేవాలిగా’ అన్నాడు కొడుకు. నవ్వుకుంటూ లేచాడాయన. కొడుకు చేత అలా గెలిపించిన యోధుడు, అసలు ధరకే వచ్చిన ఆ 32 మందిలో ఒకడు.