ఇప్పచెట్టు కింద పాత చీరలు

మా పుట్టిల్లు జన్నారం దగ్గర, కవ్వాల్ అడవి అంచున. మా చేను గట్టు దాటితే అన్నీ టేకు చెట్లే. మార్చి వచ్చేసరికి వాటి ఆకంతా రాలిపోతుంది. ఒక్కో ఆకు విస్తరాకంత. నడుస్తుంటే అప్పడాలు తొక్కినట్టు చప్పుడు.

రెండేళ్ల కిందట ఉగాదికి పిల్లల్ని తీసుకుని వెళ్లాను. రాత్రి అన్నాలు వడ్డిస్తుంటే తమ్ముడు పెరట్లోంచి అరిచాడు, "బాపూ, అడవి అంటుకున్నది!" చూస్తే చీకట్లో ఎర్రటి గీత, ఊరివైపే వస్తోంది. ఈ పక్కన మా గడ్డివాము, పశువుల కొట్టం. బాపు కంచం ముందు నుంచి అలాగే లేచి తలకు తువ్వాల చుట్టుకున్నాడు.

ఆడవాళ్లం బిందెలతో నీళ్లు, మజ్జిగ మోసుకెళ్లాం. ఆ నీళ్లు తాగడానికే. అంత మంట మీద పోయడానికి నీళ్లెక్కడివి? కొందరు పచ్చి కొమ్మలు విరిచి మంట అంచును బాదుతున్నారు. శాటిలైట్ నుంచి ఫోన్‌కి మెసేజ్ వచ్చిందట, బీట్ ఆఫీసరు కూడా మనుషులతో వచ్చాడు. వీపుకు తగిలించుకున్న బ్లోయర్లతో ఆకును ఊదేసి, మట్టి కనబడేలా ఒక బాట తీశారు. ఆ బాట దగ్గర వాళ్లే నిప్పు పెట్టారు, మంటకు ఎదురుగా! నా గుండె ఆగినంత పనైంది. "దానికి తినడానికి ఆకు మిగలొద్దక్కా, అంతే" అన్నాడు తమ్ముడు. రెండు మంటలూ కలిసి ఒక్కసారి ఎగిసి, కూలబడ్డాయి. రాజుకుంటున్న మొద్దుల దగ్గర తెల్లారేదాకా కాపలా ఉన్నారు.

పొద్దున బాపు కాలిన కనుబొమ్మలతో ఇంటికొచ్చాడు. అమ్మ మాత్రం టీ కూడా ముట్టలేదు. నన్ను వంటింట్లోకి పిలిచింది.

"పొద్దుగూకంగ ఇప్పచెట్టు కింద ఆకుకు నేనే అంటువెట్టిన బిడ్డా. సల్లారిందనుకున్న."

ఇప్పపూలు తెల్లవారుజామున రాలతాయి. ఆకుల్లో పడితే కనబడవని ముందే కింద కాల్చి శుభ్రం చేస్తారు. మా అమ్మమ్మ కూడా అలాగే చేసేది. నాకు వెంటనే నోటికొచ్చిన మాట, "ఎవరికీ చెప్పకమ్మా, కేసు పెడతారు." ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అమ్మ నావైపు చూసి, కొంగు సర్దుకుని, చేను వైపు నడిచింది. ఆఫీసరు అందరి ముందే గట్టిగా కోప్పడ్డాడు. అమ్మ తల వంచుకుని విన్నది. తనే వచ్చి చెప్పిందని కేసు రాయలేదు, కానీ ఊళ్లో ఆడవాళ్లందరికీ ఆమెతోనే చెప్పించాడు.

తర్వాత చూస్తే పెద్ద టేకులు మొదళ్లు నల్లబడినా నిలబడే ఉన్నాయి. మోకాలెత్తు మొక్కలు మాత్రం బూడిద. ఒకచోట కంజుపిట్ట గూట్లో మాడిన గుడ్లు. మా అమ్మాయి చాలాసేపు అక్కడే కూర్చుంది. అమ్మ కూడా.

అప్పటి నుంచి మా ఇప్పచెట్టు కింద అమ్మ నిప్పు పెట్టదు. రాత్రి పాత చీరలు పరుస్తుంది. తెల్లారి నాలుగు కొసలూ ఎత్తితే పూలన్నీ మట్టి అంటకుండా వస్తాయి. ఏటా నేనే నూలు చీరలు పంపుతున్నాను. ఈసారి నా సీమంతం చీర కూడా పెట్టాను.

"ఇది పరవబుద్ధి అయితలేదే" అంది ఫోన్‌లో.

"పరువమ్మా" అన్నాను.